రుచి చూస్తే తిన్నట్టు కాదు

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. అరచేతిలో కర్పూరం వెలిగించి ఆర్పమన్నా ఆర్పుతాను. మా ఇంటావిడ మీద ఒట్టు వేద్దామనుకున్నాను గానీ, "నీ కతలకు నా ప్రాణం ఎందుకయ్యా అడ్డం, నీ స్కూటరు మీద వేసుకో" అన్నది. సరే, నా స్కూటరు మీద ఒట్టు. అది షెడ్డులో పడి చాలాకాలమైంది కాబట్టి దానికి కొత్తగా వచ్చే ప్రమాదమేమీ లేదు.

నేను డయాలసిస్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. రిటైరయ్యాను అంటే నా మొహం చూసి ఎవరూ నమ్మరు. వయసు ఇంకా అంత కాలేదు. నడుము ఇక చాలన్నది, నేను దాని మాట విన్నాను, అంతే. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఇంటికొచ్చి, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటుంటారు. మిషను ఆగిపోయిందనో, పైపు ఊడి రక్తం చిమ్మిందనో చెబుతానని వాళ్ల ఆశ. అలాంటివీ ఉన్నాయి. కానీ నాకు ముందుగా గుర్తొచ్చేది ఒక స్టీలు డబ్బా, అందులో పొట్టేలు మాంసం.

రాష్ట్రం రెండైన కొత్తలో మాట. అంతకుముందు మా మార్కాపురం వైపు వాళ్లకు కిడ్నీలు పాడైతే ఒంగోలు పోవాలి, లేదా కర్నూలు పోవాలి. పోయి రావడంతోనే సగం ప్రాణం పోయేది. మా ఆసుపత్రిలో మిషన్లు పెట్టగానే చుట్టుపక్కల ఊళ్లన్నీ మా వార్డుకే వచ్చాయి. ఒక్కో పేషెంటు వారానికి మూడుసార్లు రావాలి, వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు మంచం మీద కదలకుండా ఉండాలి. చేతికి రెండు సూదులు, ఒకదాంట్లోంచి రక్తం మిషనులోకి పోతుంది, ఇంకోదాంట్లోంచి శుభ్రపడి తిరిగొస్తుంది. మా పని అది సక్రమంగా జరిగేలా చూడటం. మిగిలిన సమయమంతా ఏం చేయాలో ఏ ట్రెయినింగులోనూ చెప్పలేదు. నేను కతలు చెప్పేవాణ్ని.

ఒకరోజు మా మేనమామ మేక పలకల ఫ్యాక్టరీ వెనక మేసి మేసి, ఒక పలక తినేసి, మర్నాటి నుంచి 'మే' అనడం మానేసి అఆలు మొదలుపెట్టిందని చెప్పాను. వార్డంతా నవ్వింది. ఒక్క మనిషి నవ్వలేదు. తర్లుపాడు వైపు పల్లె నుంచి వచ్చే పెద్దాయన, గొర్రెలు కాచుకునే మనిషి. ఎండాకాలంలో కూడా భుజాన గొంగడి. రెండు కళ్లూ మూసుకుని అంతా విని, మెల్లగా అడిగాడు:

"ఆ మేక ఏ ఊరిదబ్బయ్యా? చెవులు పొడుగా, పొట్టా?"

నా సర్వీసులో నా నోరు మూయించిన మొదటి మనిషి ఆయనే.

మా హెడ్ సిస్టరు గిద్దలూరు నుంచి పొద్దున్నే రైల్లో వచ్చేది. ఆమె వార్డులోకి చీమ కూడా కాళ్లు కడుక్కుని రావాలి. గొంగడి చూసి మొదటిరోజే, "ఇది బయట పెట్టిరా, ఇందులో ఎన్ని పురుగులున్నాయో" అన్నది. మిషను మీద రక్తం తిరిగేటప్పుడు చాలామందికి చలి పుడుతుంది. పెద్దాయన వణకడం చూసి, కాసేపటికి తనే బయటికి పోయి, ఆ గొంగడిని గట్టిగా దులిపి తెచ్చి ఆయన కాళ్ల మీద కప్పింది. తర్వాత ఆ విషయం ఎవరూ ఎత్తలేదు.

మంచాల మీద ఉన్నవాళ్లు మాట్లాడుకునేది ఒక్కటే, తిండి గురించి. తినకూడని మనిషికి తిండి మీద ఉన్నంత జ్ఞాపకం ఇంకెవరికీ ఉండదు. ఒకాయన గోంగూర ఎత్తుకునేవాడు, ఇంకొకామె ఉలవచారు అందుకునేది. ఎవరో మజ్జిగలో మామిడికాయ ముక్క నంచుకుంటే ఎట్లా ఉంటుందో వర్ణించేవారు. అవన్నీ ఒంట్లో పొటాషియం పెంచేవి, కిడ్నీ మనిషికి విషం లాంటివే. హెడ్ సిస్టరు చెవులు మూసుకుని, "మీ మాటలు వింటుంటేనే నా ఒంట్లో పొటాషియం పెరిగేట్టుంది, ఆపండి" అనేది.

ఈ తిండి కబుర్లలో నిజంగా తిని మాట్లాడేవాడు ఒక్కడే, బిర్యానీ భాయి. గిద్దలూరు నుంచి మార్కాపురం దాకా పెళ్లిళ్లకు పొయ్యి మీద పెద్దపెద్ద దేగిశాలు ఎక్కించిన వంటమనిషి. ఆయనకూ రెండు కిడ్నీలూ పోయాయి. కానీ మా కిడ్నీ డాక్టరమ్మ వద్దన్నవేవీ ముట్టకుండానే, ఒప్పుకున్నవాటితోనే ఆయన పండగ చేసుకునేవాడు. కూరగాయలు ముక్కలు కోసి, బోలెడు నీళ్లలో ఉడకబెట్టి, పొటాషియం దిగిన ఆ నీళ్లు వంచి పారేసి, అప్పుడు తాలింపు పెట్టేవాడు. చింతపండు బదులు నిమ్మచుక్క. ఉప్పు చిటికెడు.

"ఉప్పు తగ్గితే నాలుక ఏడుస్తాది బేటా," అనేవాడు నాతో. "ఏడ్చే బిడ్డ చేతిలో ఏందో ఒకటి పెట్టాల గదా? మిరియం పెట్టు, ఎల్లిపాయ పెట్టు, పుదీనా పెట్టు. కాసేపటికి అదే ఊరుకుంటాది."

పక్క మంచం పెద్దాయనది. ఆయన డబ్బాలో ఏముండేదో చెప్పాలంటే నాకు ఇప్పటికీ నోరు చప్పబడుతుంది. గంజి వార్చిన మెతుకులు. ఉప్పు లేదు, నూనె లేదు, పప్పు లేదు, కూర లేదు. అవి తెచ్చేది పెద్దమ్మ, ఆయన భార్య. ఆయనకు పెట్టి, మిగిలినవి తనూ అవే తినేది. ఆమెకు ఏ జబ్బూ లేదు. "ఆయన నోరు చప్పగుంటే నా నోరు కమ్మగుండాల్నా?" అనేది.

ఇక్కడ మా తెలివి చెప్పాలి. పేషెంట్లు రెండు డయాలసిస్‌ల మధ్య ఎంత నీళ్లు తాగితే అంత బరువు పెరిగి వస్తారు. పెద్దాయన పెరిగేవాడే కాదు. కాటా ఎక్కితే ముల్లు ఎక్కడ ఉండాలో అక్కడే ఉండేది. నేనూ హెడ్ సిస్టరూ ఆయన్ను పూజ చేసినంత పని చేశాం. బరువు పెరిగి వచ్చిన ప్రతి మనిషినీ ఆయన మంచం దగ్గరికి తీసుకుపోయి, "పత్యం అంటే ఇదీ, చూసి నేర్చుకోండి" అని చెప్పేవాళ్లం. పెద్దమ్మ సిగ్గుతో, గర్వంతో కొంగు సర్దుకునేది.

ఒకరోజు ఆయన ఆటో దిగి వార్డు దాకా నడవలేకపోయాడు. మెట్ల దగ్గరే కూలబడి, చేపలా నోరు తెరిచి ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు. ఊపిరితిత్తుల్లోకి నీళ్లు చేరాయి. అదృష్టం బాగుండి, వారానికొకసారి ఒంగోలు నుంచి వచ్చే డాక్టరమ్మ ఆరోజు అక్కడే ఉంది. మిషను మీద పడుకోబెట్టి, మెల్లగా నీళ్లు తీస్తే గంటకు ఊపిరి ఆడింది. అప్పుడు డాక్టరమ్మ ఆయన జబ్బ పట్టుకుని చూసి, తొడ పట్టుకుని చూసి, పెద్దమ్మను అడిగింది:

"ఈయన చేయి ముందు నుంచీ ఇట్లాగే ఉండేదా?"

"యాడిది తల్లీ! పొట్టేల్ని రెండు చేతులా ఎత్తి బండి మీదికి ఇసిరేటోడు."

డాక్టరమ్మ మా ఇద్దరి వైపూ చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. ఒళ్లు కరుగుతోంది, కరిగిన చోట నీళ్లు నిండుతున్నాయి, కాటా మీద మాత్రం బరువు అదే. మేము మెచ్చుకుంటున్నది నీళ్లను. ఇది చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముల్లు ఎక్కడుందో చూడండి, వద్దనను. ముందు మనిషి చేయి పట్టుకుని చూడండి.

"పెద్దాయనా, ఏం తింటున్నావు?" అని అడిగింది డాక్టరమ్మ.

"అన్నం."

"అన్నంలోకి?"

"అన్నమే."

పెద్దమ్మ అందుకున్నది. "పత్యం తప్పలేదు తల్లీ. కర్నూల్లో పెద్ద డాక్టరు చెప్పినాడు, పప్పు తగ్గియ్యి, నీసు తగ్గియ్యి, ఉప్పు తగ్గియ్యి అని. తగ్గిచ్చేదెందుకులే అని మొత్తం మానిపిచ్చినా."

"అది మిషను ఎక్కకముందు మాటమ్మా. అప్పుడది సరైనదే. ఇప్పుడు మిషను చెడుతోపాటు మంచిని కూడా కాస్త పట్టుకుపోతోంది. అది తిని పూడ్చుకోవాలి. గుడ్డు తెల్లసొన, చేప, మాంసం, లెక్కగా రోజూ తినాలి. తినకపోతే ఈయన నిలబడడు. ఇవాళ ఊపిరి తిరిగొచ్చింది. మళ్లీ వస్తుందని నేను మాటివ్వలేను."

"నీసా?" పెద్దమ్మ చేతిలోని డబ్బా కింద పెట్టింది. "నీసు కుదర్దు తల్లీ. మొక్కుంది."

మొక్కు ఏమిటో అప్పుడు చెప్పింది. ఆయనకు మొదటిసారి సూదులు గుచ్చిన రోజున ఆమె ఊరి పోలేరమ్మ ముందు నిలబడి, ఈయన మిషను దిగి ఇంటికొచ్చేదాకా మా ఇద్దరి నోటా నీసు పడదు అని మొక్కుకున్నది.

మంచాల మీద ఉన్న ప్రతి మనిషికీ తెలుసు, ఈ మిషను దిగడమనేది ఉండదని. కొత్త కిడ్నీ పెట్టించుకునే వయసూ ఒళ్లూ పెద్దాయనకు లేవు. మరి ఆమెకు ఎవరు చెప్పాలి? అఆలు చదివే మేకను పుట్టించిన నా నోరు ఆ పూట ఎక్కడికి పోయిందో. డాక్టరమ్మే ఆమె చేయి పట్టుకుని చెప్పింది.

"మిషను దిగడం ఉండదమ్మా. బతికినంత కాలం రావాల్సిందే."

పెద్దమ్మ ఆయన కాళ్ల మీద గొంగడి జారితే పైకి లాగింది. మళ్లీ లాగింది.

కళ్లు మూసుకునే పెద్దాయన అన్నాడు, "నాకు తెలుసులే తల్లీ. ఈమెకే తెలవదు."

తర్వాత వచ్చినప్పుడు పెద్దమ్మ మొహం తేటగా ఉంది. వస్తూనే డాక్టరమ్మ ఎక్కడని అడిగింది. ఆమె లేదు, ఒంగోల్లో ఉందంటే, సరే నీకే చెప్తా అని నాతో చెప్పింది.

"మంగళారం పొయ్యి అమ్మవారికి చెప్పుకొనొచ్చినా నాయనా. ఆయన వంతు మొక్కు గూడా నేనే మోస్తా అన్న్యా. ఇంక ఆయన తినొచ్చు. నేను మాత్రం సచ్చిందాకా ముట్టను."

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. హెడ్ సిస్టరు అప్పటికే ఉడకబెట్టిన గుడ్డు పొట్టు తీస్తోంది. మంచం మీది నుంచి ఆయన గొంతు వినబడింది.

"ఆమె ముట్టకుంటే నేనూ ముట్టను."

"నువ్వు తినకుంటే బతకవంటయ్యా!" అన్నది పెద్దమ్మ.

"నువ్వు ఎదురుగ్గా కూసోని గంజి తాగతాంటే నేను ముక్కలు నమలాల్నా? ఎప్పుడన్నా అట్ల తిన్న్యానా?"

పెద్దమ్మ మా వైపు తిరిగింది. "పెండ్లైన కాన్నించి ఇంతే నాయనా. మొదటి ముక్క నా గిన్నెలో ఏసి, నేను నోట్లో పెట్టుకుంటే గానీ ఆయన చెయ్యి కదల్చడు. పండగనాడు చుట్టాల ముందర గూడా అంతే. నాకు సిగ్గయ్యేది."

హెడ్ సిస్టరు గుడ్డు ఆయన నోటి దగ్గర పెట్టింది. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఇక నా విద్య చూపించాల్సి వచ్చింది. "పెద్దాయనా, తెల్లసొన నీసు కాదు. కంభం చెరువు పక్కన ఒక చెట్టుంది, దానికి గుడ్లు కాస్తాయి. ఇది ఆ గుడ్డే. కూరగాయ కింద లెక్క" అన్నాను.

ఆయన కళ్లు తెరిచాడు. "ఆ గుడ్డు పొదగేస్తే పిల్లయితాదా?"

"కాదు."

"పిల్ల కానిది గుడ్డెట్లయితాది అబ్బయ్యా? పెద్దోణ్ని మోసం చేస్తే కండ్లు పోతాయి."

వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. డాక్టరమ్మ ఫోను చేసినప్పుడల్లా అడిగేది, తిన్నాడా అని. "లేదు మేడమ్" అనేవాణ్ని. ఆయన జబ్బ నా పిడికిట్లో పట్టేట్టు అయింది. సూది గుచ్చాలంటే నాకు భయం పట్టుకుంది. ఎడమచేతి నరం పనికిరాదని ఆయనకు కుడిచేతికే సూదులు పెట్టేవాళ్లం, ఆ నరం కూడా చర్మం కింద తాడులాగా తేలి కనబడేది. బీపీ నిలబడేది కాదు. మిషను మధ్యలో రెండుసార్లు స్పృహ తప్పాడు. పెద్దమ్మ ఆయన్ను బతిమాలేది, తిట్టేది, మళ్లీ బతిమాలేది. అన్నీ అయ్యాక తన డబ్బా తెరిచి, ఆ చప్పిడి మెతుకులే తినేది. అది చూసి ఆయన మరింత బిగుసుకునేవాడు.

అప్పుడు రంజాన్ నెల వచ్చింది.

బిర్యానీ భాయి ఆ నెల దిగులుగా ఉండేవాడు. మిషనూ మాత్రలూ ఉన్న మనిషి రోజా ఉపవాసం ఉండకూడదని డాక్టరమ్మ చెప్పింది, మసీదులో పెద్దలూ అదే చెప్పారు. ఉండలేని మనిషి దానికి బదులు ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టాలి. ఆ సంగతి మా అందరికీ చెప్పి, పక్క మంచం వైపు తిరిగాడు.

"పెద్దన్నా, వచ్చే తూరి నీకు నేను పెడతా."

"నేను బీదోడినా సాయిబన్నా? నా దొడ్లో గొర్రెల మంద ఉంది," అన్నాడు పెద్దాయన.

"మంద దొడ్లో ఉంది. కడుపులో ఏముంది? బీదోళ్లకు పెట్టేది వాళ్లకు పెట్టేసినా. ఇది నాకూ పైవాడికీ మధ్య. మార్కాపురం మొత్తంలో నీకంటే ఆకలిగొన్నోడు నాకు కనబళ్లా."

"అట్లయితే పొట్టేల్ని నేను తోలుకొస్తా."

"అరే! నీ పొట్టేలు నీకు పెడితే నేను పెట్టినట్లెట్లయితాది? ఊరుకో."

పెద్దాయన కొంచెం నవ్వాడు. అంతలోనే, "మీ అక్క తింటేనే" అన్నాడు.

"అక్క సంగతి నాకొదిలెయ్," అన్నాడు భాయి.

డాక్టరమ్మకు ఫోను చేసి అడిగాను. మిషను ఎక్కిన మొదటి గంటలోనే పెట్టాలి, కొంచెం కొంచెంగా, బీపీ చూస్తూ పెట్టాలి అన్నది. హెడ్ సిస్టరు మాత్రం గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. "ఇది ఆసుపత్రా, పెళ్లిపందిరా? మెతుకు కింద పడితే వండినోడికీ తిన్నోడికీ చెరో ఇంజెక్షను" అన్నది. అని, వార్డులో ఉన్న ఒకే ఒక్క మంచి బల్లను తనే తుడిచి తెచ్చి రెండు మంచాల మధ్య వేసింది.

ఆరోజు పెద్దాయనకూ భాయికీ సూదులు పెట్టి మిషన్లు తిప్పాను. భాయి డబ్బా మూత తీశాడు. వార్డులో ఒక్కో తల దిండు మీది నుంచి లేచింది. ఎముకలు తీసేసిన పొట్టేలు మాంసం, ఒకసారి ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసి, అల్లం ఎల్లిపాయలతో, పుదీనాతో, దంచిన మిరియాలతో పొడిపొడిగా వేయించినది. పక్కన తెల్లన్నం. సగం కోసిన నిమ్మకాయ. రసం లేదు, పులుసు లేదు, కొబ్బరి లేదు, టమేటా లేదు. వాసన మాత్రం వరండా దాటి మందుల దుకాణం దాకా పోయిందని తర్వాత ఆ దుకాణం అతనే చెప్పాడు.

కుడిచేయి కదల్చకూడదు. ఎడమచేత్తో తినే మనిషి కాదు. అంటే ఆమే పెట్టాలి. పెద్దమ్మ చేయి కడుక్కొచ్చి, అంతమంది ముందు మొగుడికి తినిపించడానికి సిగ్గుపడుతూ, ముద్ద కలిపి ఆయన నోటి దగ్గర పెట్టింది.

ఆయన నోరు తెరవలేదు.

"తిను సామీ."

"నువ్వు?"

"నా సంగతి నీకెందుకు?"

"నాకు గాక ఇంకెవురికి?"

ముద్ద అట్లాగే గాలిలో ఉండిపోయింది. నేను బీపీ చూసే వంకతో అవతలికి తిరిగాను.

అప్పుడు భాయి మాట్లాడాడు. "అక్కా, నాకొక సాయం చెయ్యి. మిషనెక్కిన కాన్నించి నా నాలుక్కు అన్నీ ఇనుం తిన్నట్టే ఉంటాయి. ఉప్పు చిటికెడే ఏసినా. నిమ్మకాయ చాలినాదో లేదో నాకు తెలవడంలే. పెద్దన్న నోరు నీకే గదా తెలుసు. రుచి చూసి చెప్పు."

"మొక్కున్నోళ్లను అట్ల అడగొచ్చునా అన్నా?"

"తినమనలేదక్కా. ఈ నెలలో నేను ఎంతమందికి వండింటానో నీకు తెలుసునా? మధ్యాన్నం రోజాలో ఉండి ఉప్పు చూడాల గదా. నాలుక్కొన మీద పెట్టుకుంటాం, రుచి చూస్తాం, ఉమ్మేస్తాం. గొంతు దిగకుంటే రోజా తెగదు. రుచి చూస్తే తిన్నట్టు కాదు. వంటోడి కష్టం మా పైవాడికి తెలుసు. మీ అమ్మవారికి తెలవదా?"

పెద్దమ్మ ఆలోచించింది. అందరం ఆమె నోటి వైపే చూస్తున్నాం.

"ఆమె ఆడదే గదా," అన్నది చివరికి. "ఆమెకు తెలవకుంటే ఇంకెవురికి తెలుస్తాది."

హెడ్ సిస్టరు వెంటనే ఒక స్టీలు ట్రే తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "ఉమ్మేది ఇందులో. నేల మీద పడిందంటే అమ్మవారు ఊరుకున్నా నేను ఊరుకోను."

పెద్దమ్మ ఒక ముక్క చిదిమి, చిన్న తునక తీసి, నాలుక కొన మీద పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. ఎన్నాళ్ల తర్వాతో ఒక నాలుకకు మిరియం తగిలింది, ఎల్లిపాయ తగిలింది. ఆ మొహంలో ఏం జరిగిందో చెప్పడానికి నా దగ్గర ఉన్న కతలేవీ పనికిరావు. మంచం మీది మనిషి రెప్ప వేయకుండా ఆమెనే చూస్తున్నాడు. ఆమె గోడ వైపు తిరిగి, కొంగు అడ్డం పెట్టుకుని, ట్రే మీదికి వంగి ఉమ్మేసింది. మూతి తుడుచుకుంది.

"ఉమ్మేసినా!" అన్నది గట్టిగా, ఎక్కడో దూరంగా ఉన్నవాళ్లకు వినబడాలన్నట్టు. తర్వాత మామూలు గొంతుతో, "నిమ్మకాయ ఇంకొంచెం పడాల" అన్నది.

నిమ్మకాయ నేనే పిండాను. ఆ వంటలో నా భాగం అదీ. ఆమె మళ్లీ ముద్ద కలిపి ఆయన నోటి దగ్గర పెట్టింది. రుచి చూడటాన్ని ఆయన తిన్నదాని కిందే జమ కట్టుకున్నాడేమో, నోరు తెరిచాడు.

మెల్లగా నమిలాడు. చాలాసేపు నమిలాడు. భాయి తన సూదుల సంగతి మరిచిపోయి ఇటు లేవబోతే నేను భుజం పట్టి పడుకోబెట్టాను. హెడ్ సిస్టరు గుమ్మంలో నుంచి మెడ చాచి చూస్తోంది. పెద్దాయన మింగి, ఊపిరి తీసుకుని, అన్నాడు:

"ముదురు పొట్టేలు. కొనేకాడ మోసపోయినావు సాయిబన్నా."

వార్డు పగలబడి నవ్వింది. భాయికి మాత్రం కోపం వచ్చింది. "నలభై ఊళ్లలో వండినా, ఒక్కడు మాట అన్లా! ఉడికిన ముక్కను చూసి వయసు చెప్తాడంట!" అన్నాడు. "ఉడికినా పొట్టేలు పొట్టేలే" అన్నాడు పెద్దాయన, ఇంకో ముద్దకు నోరు తెరుస్తూ.

బీపీ కొంచెం తగ్గితే మిషను వేగం తగ్గించాను, నిలబడింది. ఆరోజు తిన్నది కొంచెమే. కానీ ఆ తర్వాత ప్రతిసారీ పెద్దమ్మ డబ్బాలో ఏదో ఒకటి ఉండేది, తెల్లసొన వేపుడో, చేప ముక్కో. ప్రతిసారీ ఆమె నిమ్మకాయ చాలిందో లేదో చూసేది, ఆయన తినేవాడు. వండే పద్ధతి భాయి చెప్పేవాడు, ఆమె అందులో తప్పులు పట్టేది. ఇద్దరూ కూరల గురించి పోట్లాడుకుంటుంటే మిగతా పేషెంట్లు కూడా నీళ్లు వంచడం, నిమ్మ పిండటం నేర్చుకున్నారు. డాక్టరమ్మ ఆయన ఉండాల్సిన బరువు మళ్లీ లెక్కగట్టింది. జబ్బ నా పిడికిట్లో పట్టడం మానేసింది. సూది గుచ్చాలంటే నాకున్న భయం కూడా పోయింది. కొన్నేళ్లు ఆయన మా దగ్గరికి వచ్చాడు. మేక సంగతి మళ్లీ మళ్లీ అడిగి, నన్ను తికమక పెట్టి పోయేవాడు.

ఇదీ జరిగింది. ఇక ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. ఇంత నిజంలోనూ ఒక ముక్క నేను కల్పించి రాశాను. మేక సంగతి కాదు, దాన్ని మీరు ఎట్లాగూ నమ్మి ఉండరు.

పెద్దమ్మ ఉమ్మలేదు.

గోడ వైపు తిరిగింది నిజం. కొంగు అడ్డం పెట్టుకున్నదీ, ట్రే మీదికి వంగిందీ, ఉమ్మేసినా అని గట్టిగా చెప్పిందీ నిజం. ట్రే మాత్రం పొడిగా ఉంది. నేను తీసుకోబోతే హెడ్ సిస్టరు నా చేతిలోంచి లాక్కుని పోయి, ఏమీ లేని ఆ ట్రేను కుళాయి కింద పెట్టి, అందరికీ చప్పుడు వినబడేలా తోమింది. ఆమె కూడా నాతో ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ సాయంత్రం ఆటో ఎక్కబోతూ పెద్దమ్మ నన్ను పక్కకు పిలిచింది. "నాయనా, నువ్వు కతలు బాగా చెప్తావు గదా. ఎవురన్నా అడిగితే ఉమ్మేసిందనే చెప్పు." అంత చిన్న అబద్ధం నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఇన్నేళ్లూ అట్లాగే చెప్పాను, పైన కూడా అట్లాగే రాశాను. ఇప్పుడు పెద్దాయనా పెద్దమ్మా ఇద్దరూ లేరు, అడిగేవాళ్లూ లేరు.

ఆమె అంత జాగ్రత్తగా కొంగు అడ్డం పెట్టుకున్నది మా అందరికీ కనబడకుండా, అమ్మవారికి కనబడకుండా. కానీ పెద్దాయన మంచం ఉన్నది ఆ గోడ పక్కనే. అక్కడ పడుకున్న మనిషికి అడ్డమేమీ లేదు. ఆమె గొంతులో గుటక పడటం ఆయన చూశాడు. ఆయన నోరు తెరిచింది ఆ తర్వాతే.